హెచ్చరికకూ ఊరికీ నడుమ: కృష్ణా తీరంలో తుఫాను సూచనల చరిత్ర, 1977 నవంబరు వారం

వ్యాససంగ్రహం:

1977 నవంబరు 19న కృష్ణా డెల్టాను ముంచిన ఉప్పెన తెలుగువారి సామూహిక స్మృతిలో ‘దివిసీమ ఉప్పెన’గా నిలిచింది. ఆ విపత్తును గురించిన చర్చ సాధారణంగా ‘హెచ్చరిక అందిందా, లేదా’ అన్న ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు ముందున్న మరొక ప్రశ్నను పరిశీలిస్తుంది. తుఫాను హెచ్చరిక అనే వ్యవస్థ ఎవరి కోసం పుట్టింది? అది ఏ స్థలాన్ని ఉద్దేశించి మాట్లాడింది? 1864 బందరు ఉప్పెన నుండి 1977 వరకు సాగిన మార్పులను, ఆ నవంబరు వారపు పరిణామాలను, తరువాతి తుఫానుల అనుభవాన్ని కలిపి చూస్తే, రేవుకోసం పుట్టిన హెచ్చరిక ఊరి హెచ్చరికగా మారడానికి శతాబ్దానికి పైగా పట్టిందని తెలుస్తుంది. ఆ ఆలస్యానికి చెల్లించిన మూల్యమే దివిసీమ అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఉప్పెన, గాలివాన, వాయుగుండం, దివిసీమ, బందరు, తుఫాను హెచ్చరిక, స్థానికత.

1. ఉపోద్ఘాతం:

శరదృతువు ఆంధ్ర తీరానికి రెండు ముఖాలతో వస్తుంది. ఒకవైపు సార్వా వరి కంకులు పాలు పోసుకొని బరువెక్కుతుంటాయి. మరొకవైపు బంగాళాఖాతంలో వాయుగుండాలు పుడుతుంటాయి. అక్టోబరు, నవంబరు నెలల్లో నైరుతి ఋతుపవనాలు వెనుదిరిగి ఈశాన్యపు గాలులు నిలదొక్కుకొనే సంధికాలంలో సముద్రజలం ఇంకా వేడిగానే ఉంటుంది. తుఫానులు బలపడడానికి ఆ వేడి ఇంధనమవుతుంది. అందువల్ల రైతుకు ఏడాది పంట చేతికొచ్చే వారాలూ, సముద్రం మీద నమ్మకం పెట్టుకోరాని వారాలూ ఒకటే అవుతాయి.

ఈ కాలంలో ‘రేపు ఏమవుతుంది’ అనే ప్రశ్నకు సమాధానం చెప్పే బాధ్యతను 19వ శతాబ్దం చివరి పాదం నుండి ఒక ప్రభుత్వ శాస్త్రసంస్థ వహిస్తూ వచ్చింది. భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడింది. దాని చరిత్రను సాధారణంగా పరికరాల చరిత్రగా చెబుతారు. భారమితి, తంతి, రాడారు, ఉపగ్రహం అనే మెట్ల వరుస అది. ఈ కథనంలో నిజం ఉంది. అయితే అది తుఫానును ‘చూడడం’ గురించిన చరిత్ర మాత్రమే. చూసినదాన్ని ఎవరికి, ఏ మాటలలో, ఏ స్థలాన్ని పేర్కొంటూ చెప్పారన్నది వేరొక చరిత్ర. 1977 నవంబరులో ఈ రెండు చరిత్రల మధ్య ఉన్న అంతరం స్పష్టంగా బయటపడింది.

2. పంచాంగం, కార్తె, ఆకాశం:

శాస్త్రీయ సూచనలు రాకముందు తీరప్రాంతపు ప్రజలకు వాతావరణ జ్ఞానం లేదనుకోవడం పొరపాటు. వారి వద్ద కనీసం మూడు పద్ధతులు ఉండేవి. వాటి కాలప్రమాణాలు వేర్వేరు.

మొదటిది పంచాంగం. అది సంవత్సరం మొత్తానికి వర్షాన్ని ఆఢకాలలో లెక్కగట్టి, అందులో ఎన్ని భాగాలు సముద్రం మీద, ఎన్ని పర్వతాల మీద, ఎన్ని భూమి మీద కురుస్తాయో చెబుతుంది. ఉగాదినాడు వినే ఈ లెక్క ఏడాదికి సంబంధించినది. ఫలానా ఊరికి, ఫలానా రోజుకు అది వర్తించదు. రెండవది కార్తె. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రంలో ఉండే సుమారు పదమూడు, పద్నాలుగు రోజుల వ్యవధి వ్యవసాయ పనులకు ఆధారం. చిత్త, స్వాతి, విశాఖ కార్తెలలో వానలు, గాలులు ఎలా ఉంటాయన్న అంచనా తరతరాల పరిశీలన నుండి వచ్చింది. నేటి పరిభాషలో చెప్పాలంటే అది వాతావరణ సగటుల జ్ఞానం. మూడవది ప్రత్యక్ష పరిశీలన. గాలి దిక్కు మారడం, మబ్బు కదిలే తీరు, అలల మధ్య వ్యవధి పెరగడం వంటి గుర్తులను బట్టి సముద్రంలోకి వెళ్లాలా వద్దా అని మత్స్యకారులు నిర్ణయించుకొనేవారు. ఈ జ్ఞానం స్థానికమైనది. కాని దాని వ్యవధి కొన్ని గంటలు మాత్రమే.

ఈ మూడింటిలో ఏదీ ఉప్పెనను ముందుగా చెప్పలేదు. పంచాంగం దృష్టి ఏడాది మీద, కార్తె దృష్టి పక్షం మీద ఉంటాయి. ప్రత్యక్ష పరిశీలన గాలివానను పసిగట్టగలదు. కాని ఆ గాలివాన వెంట సముద్రం లేచి వస్తుందా లేదా అన్నది ఆకాశం చూసి తెలిసేది కాదు. పైగా గాలివానలు తరచు వస్తాయి. ప్రాణాంతకమైన ఉప్పెన ఒకేచోటికి కొన్ని తరాలకు ఒకసారి వస్తుంది. తరచు జరిగేదాని అనుభవం అరుదుగా జరిగేదాన్ని ఎదుర్కోవడానికి సరిపోదు. పైగా కొన్నిసార్లు తప్పుదారి పట్టిస్తుంది. ఎన్నో గాలివానలను తట్టుకొని నిలిచిన ఇల్లు ఈసారీ నిలుస్తుందన్న నమ్మకం అటువంటిదే.

భాషలో కూడా ఈ తేడా నమోదై ఉంది. తెలుగులో ‘గాలివాన’, ‘తుఫాను’, ‘ఉప్పెన’ అనేవి మూడు వేర్వేరు మాటలు. గాలివానలో గాలి, వాన ఉన్నాయి గాని సముద్రం లేదు. ఉప్పెనలో సముద్రమే ఉంది. 1952లో అంతర్జాతీయ కథల పోటీలో బహుమతి పొంది తెలుగు కథకు ఖ్యాతి తెచ్చిన పాలగుమ్మి పద్మరాజు కథ పేరు ‘గాలివాన’ కావడం కూడా తెలుగువారి తుఫాను అనుభవంలో అధికభాగం దేనిదో తెలియజేస్తుంది. ఈ పదభేదం 1977 సందర్భంలో కీలకమవుతుంది.

3. రేవు కోసం పుట్టిన హెచ్చరిక:

1864 శరత్కాలంలో బంగాళాఖాతం తీరాన్ని రెండు మహావిపత్తులు తాకాయి. అక్టోబరు 5న కలకత్తాను, నవంబరు 1న మచిలీపట్నాన్ని తుఫానులు ముంచెత్తాయి. బందరులో సముద్రం పట్టణం మీదికి, చుట్టుపక్కల పల్లెల మీదికి వచ్చింది. సుమారు 30,000 మంది మరణించినట్లు నాటి ప్రభుత్వ గ్రంథాలు నమోదు చేశాయి. అంతకుముందే గోదావరి ముఖద్వారంలోని కోరింగ రేవు 1789, 1839 సంవత్సరాల ఉప్పెనలతో దెబ్బతిని ఉంది. సుడిగాలి తుఫానులకు ‘సైక్లోన్’ అనే పేరు పెట్టిన హెన్రీ పిడింగ్టన్ బంగాళాఖాతపు తుఫానులనే దశాబ్దాలపాటు అధ్యయనం చేశాడు. కాబట్టి ఈ తీరపు ప్రమాదం 1864 నాటికి పాలకులకు తెలియనిది కాదు.

అయితే 1864 తరువాత రూపొందిన ఏర్పాటు ఎటువంటిదో గమనించాలి. 1865లో కలకత్తా రేవుకు తుఫాను హెచ్చరికలు ప్రారంభమయ్యాయి. 1875లో వాతావరణ శాఖ ఏర్పడి హెచ్.ఎఫ్. బ్లాన్‌ఫోర్డ్ దాని తొలి అధిపతి అయ్యాడు. 1880లలో ఈ సేవ ఇతర రేవులకు విస్తరించింది. పగలు ధ్వజస్తంభం మీద ఎగరవేసే గుర్తులు, రాత్రి వెలిగించే దీపాలు ఈ హెచ్చరికకు లిపి. అవి నౌకల కెప్టెన్లు చదవడానికి ఉద్దేశించినవి. రేవులో లంగరు వేసిన ఓడ ఏం చేయాలో వాటికి అర్థం ఉంది. తీరం వెంబడి తాటాకు గుడిసెలో ఉన్న కుటుంబం ఏం చేయాలో వాటిలో లేదు. 1864లో బందరు ప్రాంతంలో మరణించినవారిలో అత్యధికులు నావికులు కారు. తీరంలో బతుకుతున్నవారే. మృతులు ఒకరు, హెచ్చరిక పొందే అర్హులు మరొకరు అయిన ఈ అమరిక వలస వాణిజ్యపు ప్రాధాన్యాలను ప్రతిబింబిస్తుంది.

తరువాతి కాలంలో స్థిరపడిన భారతీయ రేవు సూచికల పట్టిక ఈ దృష్టికి చక్కని ఉదాహరణ. ఇందులో ఒకటి నుండి పదకొండు వరకు అంకెలు ఉన్నాయి. ఒకటి, రెండు దూరపు తుఫానులకు సంబంధించినవి. మూడు, నాలుగు ‘స్థానిక’ సూచికలు. ఐదు నుండి ఏడు వరకు ప్రమాదాన్ని, ఎనిమిది నుండి పది వరకు మహాప్రమాదాన్ని తెలుపుతాయి. పదకొండోది హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని చెప్పే గుర్తు. ‘మచిలీపట్నం రేవులో మూడో నంబరు ప్రమాద సూచిక ఎగరవేశారు’ అనే వాక్యం నేటికీ ప్రతి శరత్తులో తెలుగు పత్రికలలో కనిపిస్తుంది. ఇక్కడ ‘స్థానికం’ అంటే రేవు. రేవుకు ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు ఆ పట్టికలో లేదు. ప్రజలు మాత్రం ఆ అంకెలను తమకోసం చెప్పినవిగా వింటూ వచ్చారు.

ఈ కాలంలో వాతావరణ పరిశీలన పూర్తిగా ప్రభుత్వ వ్యవహారమే కాదని కూడా చెప్పుకోవాలి. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతంలో స్వంత ఖర్చుతో ఖగోళ పరిశీలనాలయాన్ని నెలకొల్పాడు. ఆయన మరణానంతరం దానిని కొనసాగించిన అంకితం వెంకట నరసింగరావు వాతావరణ పరిశీలనలను కూడా క్రమబద్ధంగా నడిపాడు. స్థానికుల చేతుల్లోనే స్థానిక పరిశీలన సాగిన అరుదైన సందర్భమిది. కాని పరిశీలన స్థానికమైనా, దాని ఆధారంగా చేసే సూచన దూరపు కార్యాలయం నుండి రేవులకు వెళ్లే పద్ధతి మారలేదు.

20వ శతాబ్దంలో శ్రోతలు కొంత విస్తరించారు. 1945లో వాతావరణ శాఖ రైతులకోసం ప్రత్యేక సమాచార ప్రసారాలు ప్రారంభించింది. 1948లో విజయవాడ ఆకాశవాణి కేంద్రం ఏర్పడిన తరువాత తెలుగులో వాతావరణ సూచన వినడం డెల్టా జీవితంలో భాగమైంది. 1969 మే, నవంబరు నెలల్లో రెండు తుఫానులు ఆంధ్ర తీరాన్ని తాకిన అనంతరం, తుఫాను కష్టాలను తగ్గించే మార్గాలను సూచించడానికి కమిటీ ఏర్పడింది. సమాచార వ్యవస్థ, ఆశ్రయ భవనాలు, తీరం వెంబడి చెట్ల పెంపకం వంటివి దాని పరిశీలనలోకి వచ్చాయి. 1970లో విశాఖపట్నంలో తుఫానులను కనిపెట్టే రాడారు నెలకొంది. అంటే 1977 నాటికి చేయవలసినది తెలియని పరిస్థితి లేదు. చేసినది ఇంకా ఊరిదాకా రాని పరిస్థితి ఉంది.

4. 1977 నవంబరు 12–19: ఒక వారం:

నవంబరు 12, శనివారం నాడు ఒక తీవ్ర తుఫాను నాగపట్నం సమీపంలో తమిళనాడు తీరాన్ని దాటి వందలాది మందిని బలిగొంది. వాతావరణ శాఖ, పత్రికలు, ప్రభుత్వాల దృష్టి దక్షిణాది మీద ఉంది. నవంబరు 14 ప్రాంతంలో ఆగ్నేయ బంగాళాఖాతంలో మరొక వాయుగుండం ఏర్పడింది. అది పశ్చిమ దిశగా కదులుతూ త్వరగా బలపడింది. తొలి రోజుల గమనాన్ని బట్టి చూస్తే ఇదీ దక్షిణ తీరానికే వెళ్తున్నట్లు కనిపించేది. తరువాత తుఫాను ఉత్తర వాయవ్యంగా మలుపు తిరిగింది. నవంబరు 19, శనివారం సాయంత్రం చీరాల సమీపంలో తీరం దాటింది.

ఆ కాలపు సూచకుల చేతిలో ఉన్న సాధనాలను తక్కువ చేయరాదు, ఎక్కువా చేయరాదు. ధ్రువకక్ష్యలో తిరిగే ఉపగ్రహాల నుండి రోజుకు కొద్ది చిత్రాలు మాత్రమే అందేవి. నిరంతరం ఒకేచోటి నుండి బంగాళాఖాతాన్ని చూసే స్వదేశీ ఉపగ్రహం అప్పటికి లేదు. ఇన్సాట్-1బి ప్రయోగం 1983లో జరిగింది. సముద్రం మీది గాలి, పీడనాల వివరాలు ఆ దారిన పోయే నౌకలు పంపితేనే తెలిసేవి. ప్రమాదమని తెలిసిన చోటికి నౌకలు వెళ్లవు కనుక, తుఫాను బలపడిన కొద్దీ సమాచారం తగ్గిపోవడం ఈ పద్ధతిలోని స్వాభావిక లోపం. విశాఖపట్నం, మద్రాసు రాడార్లు రెండింటికీ దివి తీరం దాదాపు మూడు వందల కిలోమీటర్ల దూరం. భూమి వంపు వల్ల అంత దూరంలో రాడారు కిరణం తుఫాను పైభాగాన్నే తాకుతుంది. రెండు కళ్ల చూపు పలచబడే మధ్యప్రదేశంలోనే 1977 తుఫాను తీరానికి చేరింది. మచిలీపట్నం రాడారు ఆ తరువాత వచ్చినదే.

అది కార్తీక మాసం, విశాఖ కార్తె చివరి రోజులు. డెల్టాలో కోతలు దగ్గర పడ్డాయి. తుఫాను వార్త వింటే రైతుకు ముందు గుర్తుకు వచ్చేది వాలిపోయే చేను. ప్రాణభయం తరువాతి మాట. ఈ సహజమైన క్రమం ఆ వారంలో ఎంత ప్రమాదకరమో ముందుగా ఊహించగలిగినవారు తక్కువ.

5. కేంద్రం ఒకచోట, నీరు మరొకచోట:

తుఫాను కేంద్రం దాటినది చీరాల దగ్గర. అత్యధిక ప్రాణనష్టం జరిగినది అక్కడికి తూర్పున డెబ్బై, ఎనభై కిలోమీటర్ల దూరంలో ఉన్న దివిసీమలో. ఈ దూరమే ఆ విపత్తును అర్థం చేసుకోవడానికి తాళపుచెవి.

ఉత్తరార్ధగోళంలో తుఫాను గాలులు అపసవ్యంగా తిరుగుతాయి. ఉత్తర వాయవ్యంగా కదులుతూ తీరాన్ని చేరే తుఫానుకు ఎడమవైపు గాలి నేల నుండి సముద్రంలోకి వీస్తుంది. కుడివైపు గాలి సముద్రం నుండి నేల మీదికి వీస్తుంది. తుఫాను స్వంత గమనవేగం కూడా ఆ వైపు గాలికి తోడవుతుంది. పీడనం ఒక హెక్టోపాస్కల్ తగ్గితే నీటిమట్టం సుమారు ఒక సెంటీమీటరు లేస్తుంది. ఎంత తీవ్రమైన తుఫానులోనైనా ఈ కారణంగా పెరిగేది మీటరుకు అటూ ఇటూ మాత్రమే. మిగిలిన ఎత్తంతా లోతు తక్కువైన తీరజలం మీద గాలి నీటిని తోయడం వల్ల వస్తుంది. దివిసీమ కృష్ణానది పాయల మధ్య సముద్రంలోకి చొచ్చుకొని ఉన్న పల్లపు నేల. తుఫానుకు కుడివైపున ఉంది. 19వ తేదీన అక్కడ సుమారు ఐదు మీటర్ల ఎత్తున సముద్రం లేచింది. పది, పదిహేను కిలోమీటర్ల లోపలి వరకు నీరు చొచ్చుకు వచ్చింది. సొర్లగొంది, హంసలదీవి, పాలకాయతిప్ప వంటి ఊళ్ల పేర్లు ఆ తరువాత ఉప్పెనతోనే ముడిపడిపోయాయి. అధికారిక లెక్కల ప్రకారమే మృతులు సుమారు పదివేలు. అనధికార అంచనాలు అంతకంటే ఎక్కువ.

‘తుఫాను ఫలానా చోట తీరం దాటుతుంది’ అనే సూచన కేంద్రబిందువు గురించి చెబుతుంది. వినేవారు మాత్రం ప్రమాదం ఆ బిందువు దగ్గరే ఉందని అర్థం చేసుకుంటారు. దూరంగా ఉన్నవారు ఊపిరి పీల్చుకుంటారు. తుఫాను దారిని సరిగా అంచనా వేసిన సూచన కూడా నీరు ఎక్కడికి వస్తుందో చెప్పకపోతే అసంపూర్ణమే. 1970 నవంబరులో నాటి తూర్పు పాకిస్తానును ముంచి లక్షలాది మందిని బలిగొన్న ఉప్పెన తరువాత ఈ సమస్య మీద శాస్త్రజ్ఞుల దృష్టి పడింది. బంగాళాఖాతపు ఉప్పెనలను గణితనమూనాతో అంచనా వేసే ప్రయత్నాన్ని పి.కె. దాస్ 1972లో ప్రచురించాడు. కాబట్టి 1977 నాటికి ఉప్పెన శాస్త్రం పురిటిలోనే ఉంది. రోజువారీ హెచ్చరికలో అది భాగం కావడానికి ఇంకా సమయం ఉంది.

6. మాట, మనిషి, ఊరు:

హెచ్చరిక ఊరికి చేరే దారిని కూడా పరిశీలించాలి. 1977లో మండలాలు లేవు. తాలూకా వ్యవస్థ ఉంది. గ్రామంలో మునసబు, కరణం ఉన్నారు. ఈ వంశపారంపర్య గ్రామోద్యోగాలు 1984లో రద్దయ్యాయి. వాతావరణ కేంద్రం నుండి తంతి ద్వారా, టెలిఫోను ద్వారా కలెక్టరుకు, అక్కడి నుండి తహసీల్దారుకు, ఆపై గ్రామాధికారికి, చివరకు టముకు వేసే గ్రామసేవకునికి సమాచారం చేరాలి. గాలి బలపడగానే మొదట తెగేవి తీగలు. తరువాత చెట్లు పడి మూసుకుపోయేవి దారులు. హెచ్చరిక అత్యవసరమైన గంటలలోనే దాని మార్గం అత్యంత బలహీనంగా ఉండేది. రేవు సూచికలలోని పదకొండో అంకె ఈ స్థితిని నౌకలకు తెలియజేయగలదు. పల్లెకు అటువంటి అంకె కూడా లేదు. పల్లెలో సంబంధం తెగిపోవడం నిశ్శబ్దంగానే ఉంటుంది. నిశ్శబ్దాన్ని ప్రమాదం లేదనే అర్థంలో తీసుకొనే అవకాశం ఉంది.

రేడియో ఈ గొలుసును దాటి నేరుగా ఇంటికి చేరగలదు. కాని ప్రతి ఇంటా రేడియో ఉండే కాలం కాదు అది. తీరానికి అతి సమీపంలోని మత్స్యకార వాడల్లో, కూలీల గుడిసెల్లో అది మరింత అరుదు. రేడియో విన్నవారికైనా అందిన మాట ఏమిటన్న ప్రశ్న మిగులుతుంది. ‘తుఫాను’ అనగానే శ్రోత మనసులో మెదిలేది గాలివాన. గాలివానకు డెల్టా మనిషి నేర్చుకున్న రక్షణ ఇంట్లోనే తలుపులు బిగించుకొని ఉండడం, పశువులను కట్టివేయడం. ఉప్పెనకు ఇవి రెండూ ప్రాణాంతకం. గాలికి లోపలికి వెళ్లాలి, నీటికి బయటికి, పైకి వెళ్లాలి. రెండు ప్రమాదాలకు ఒకే మాట వాడినప్పుడు వినేవారు తమకు తెలిసిన ప్రమాదానికే సిద్ధపడతారు. ఉప్పెన అనే స్పష్టమైన మాట భాషలో ఉన్నప్పటికీ, హెచ్చరిక పరిభాషలో దానికి గాలి, వానలతో సమానమైన స్థానం ఏర్పడలేదు.

మాట చేరి, అర్థమై, నమ్మకం కలిగినా, పోవడానికి చోటు ఉండాలి. చదునైన దివిసీమలో మెరక లేదు. పక్కా డాబా ఉన్న ఇళ్లు కొద్దిమందివి. గుళ్లు, బడులు వంటి గట్టి కట్టడాలే మిగతావారికి దిక్కు. ఇల్లు వదిలితే పశువులు, వలలు, ధాన్యం ఏమవుతాయన్న ప్రశ్న పేదవారికి చిన్నది కాదు. అవి పోతే తిరిగి సంపాదించడానికి అప్పు తప్ప మార్గం లేదు. కృష్ణా డెల్టాలో 1977 తరువాత దశాబ్దంపాటు జరిగిన మార్పులను అధ్యయనం చేసి పీటర్ వించెస్టర్ 1992లో వెలువరించిన గ్రంథం ఈ అంశానికే ప్రాముఖ్యమిచ్చింది. ప్రమాదస్థాయిని నిర్ణయించేది సముద్రానికి ఉన్న దూరం ఒక్కటే కాదని, ఆస్తి, ఉపాధి, ఋణసంబంధాలు కూడా అని ఆ అధ్యయనం నిరూపించే ప్రయత్నం చేసింది. ఈ దృష్టితో చూసినప్పుడు ‘హెచ్చరించినా జనం కదలలేదు’ అనే తరచు వినిపించే వాక్యం వివరణ కాజాలదు. కదలడానికి కావలసినవి ఎవరి వద్ద ఉన్నాయన్నదే అసలు ప్రశ్న.

7. 1977 తరువాత:

దివిసీమ తరువాతి మార్పులను మూడు తుఫానుల ద్వారా పరీక్షించవచ్చు.

మొదటిది 1990 మే నెలలో వచ్చినది. ఋతువు వేరైనా తీరం అదే. మే 9న కృష్ణా ముఖద్వార ప్రాంతంలోనే అతి తీవ్ర తుఫాను తీరం దాటింది. అప్పటికి ఇన్సాట్ ఉపగ్రహ చిత్రాలు, మచిలీపట్నం రాడారు, ఉపగ్రహం ద్వారా నేరుగా తీరప్రాంత కార్యాలయాలకు హెచ్చరిక వినిపించే పరికరాలు, తుఫాను షెల్టర్లు ఏర్పడ్డాయి. ఆరు లక్షలకు పైగా ప్రజలను ముందుగా తరలించారు. మృతుల సంఖ్య 967. అది స్వల్పం కాదు. కాని 1977తో పోల్చినప్పుడు పదో వంతుకు లోపు. ఈ తేడాకు సూచన ఖచ్చితత్వం ఒక్కటే కారణం కాదు. హెచ్చరిక ప్రయాణించే దారిలో గాలికి తెగే తీగలు తగ్గడం, దారి చివర జనం చేరడానికి ఒక భవనం ఉండడం అంతే ముఖ్యమైన కారణాలు.

రెండవది 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణంగా కోనసీమను తాకిన తుఫాను. వాయుగుండం ఏర్పడిన తరువాత తీరం చేరడానికి అది రెండు రోజులైనా తీసుకోలేదు. వెయ్యి మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. వారిలో ఎందరో సముద్రంలో వేటకు వెళ్లిన మత్స్యకారులు. తీరం మీది కార్యాలయంలో మోగే హెచ్చరిక నడిసముద్రంలోని పడవకు వినిపించదు. 19వ శతాబ్దంలో నౌకలకు మాత్రమే పరిమితమైన హెచ్చరిక, 20వ శతాబ్దం చివరికి నేలమీద మెరుగుపడి, చిన్న పడవలకు అందకుండా పోవడం చరిత్రలోని విచిత్రం. పెద్ద ఓడకు ఉన్న సాధనం చిన్న పడవకు లేకపోవడం మొదటినుండీ ఉన్న అసమానతకు కొనసాగింపు కూడా.

1999 తరువాత హెచ్చరికలు నాలుగు దశలుగా స్థిరపడ్డాయి. 72 గంటల ముందు ముందస్తు అప్రమత్తత, 48 గంటల ముందు మెలకువ సూచన, 24 గంటల ముందు హెచ్చరిక, తీరం దాటడానికి 12 గంటల ముందు లోపలి జిల్లాలపై ప్రభావాన్ని తెలిపే సూచన వెలువడతాయి. తీరం దాటిన తరువాత కూడా ప్రమాదం ఉంటుందని నాలుగో దశ గుర్తించింది.

మూడవది 2014 అక్టోబరులో వచ్చిన హుద్‌హుద్. అక్టోబరు 7న అండమాన్ సముద్రంలో వాయుగుండంగా మొదలై, 12వ తేదీ మధ్యాహ్న ప్రాంతంలో విశాఖపట్నం వద్ద తీరం దాటింది. కొన్ని రోజుల ముందే దాని దారి తెలిసింది. లక్షలాది మందిని తరలించారు. ప్రాణనష్టం పదుల సంఖ్యకు పరిమితమైంది. అయితే తుఫాను తాకినది ఒక మహానగరాన్ని. విద్యుత్తు, టెలిఫోను వ్యవస్థలు కుప్పకూలాయి. తుఫానును కనిపెట్టవలసిన నగరపు రాడారు కూడా దెబ్బతింది. పదకొండో నంబరు సూచిక చెప్పే పరిస్థితి ఈసారి నగరవాసులకు స్వయంగా అనుభవంలోకి వచ్చింది. సాధనాలు ఎంత ఆధునికమైనా అవి తుఫానుకు అతీతమైనవి కావు.

8. ముగింపు:

పై పరిశీలన నుండి ఈ క్రింది అంశాలు తేలుతున్నాయి.

• ఆంధ్ర తీరంలో తుఫాను హెచ్చరిక మొదట రేవు కోసం, నౌక కోసం పుట్టింది. 1864లో మరణించినవారు పల్లెవాసులైనా, ఆ తరువాత ఏర్పడిన వ్యవస్థ వారిని ఉద్దేశించలేదు. ‘స్థానికం’ అనే మాటకు రేవు అనే అర్థమే చాలాకాలం కొనసాగింది.

• సంప్రదాయ వాతావరణ జ్ఞానం, శాస్త్రీయ సూచన పరస్పర విరుద్ధాలుగా కాక, వేర్వేరు కాలస్థల ప్రమాణాలు గల జ్ఞానాలుగా అర్థం చేసుకోదగినవి. ఒకటి స్థలాన్ని ఎరుగును, వ్యవధి తక్కువ. మరొకటి వ్యవధిని ఇస్తుంది, స్థలాన్ని స్థూలంగా చెబుతుంది. ఉప్పెన ఈ రెండింటి నడుమ ఖాళీలో నుండి వచ్చింది.

• 1977లో తుఫాను కేంద్రానికీ మృత్యుస్థలానికీ ఉన్న దూరం, సూచనలోని అసలు లోటు ఏమిటో చూపింది. గాలి ఎక్కడ దాటుతుందన్న సమాచారం, నీరు ఎవరి ఇంటికి వస్తుందన్న సమాచారం ఒకటి కావు.

• గాలివాన, ఉప్పెన అనే భేదం ప్రజల భాషలో ముందునుండీ ఉంది. హెచ్చరిక భాష ఆ భేదాన్ని సకాలంలో అందిపుచ్చుకోలేదు. ప్రాంతీయ భాషలో శాస్త్ర పరిభాషను నిర్మించే పని కేవలం అనువాద సమస్య కాదనడానికి ఇది బలమైన నిదర్శనం.

• 1990, 2014 తుఫానులలో ప్రాణనష్టం తగ్గడానికి సూచనతో పాటు దారి, ఆశ్రయం, రవాణా కారణాలు. 1996 అనుభవం, వీటిలో ఏ ఒక్కటి అందని వర్గం మిగిలినా మూల్యం ఆ వర్గమే చెల్లిస్తుందని చూపుతుంది.

నేడు తుఫాను సూచన చేతిలోని ఫోనుకు వస్తున్నది. ఊరి పేరుతో, గంటల లెక్కతో వస్తున్నది. అయినా దానిని పరీక్షించే ప్రశ్నలు 1977 నవంబరు వారం వేసినవే. ఆ సూచన ఎవరిని ఉద్దేశించి మాట్లాడుతున్నది? వారికి తెలిసిన మాటలో ఏ ప్రమాదాన్ని చెబుతున్నది? విన్న తరువాత వారు ఎక్కడికి వెళ్లగలరు? తీరం వెంబడి వాతావరణ చరిత్రను రాయబూనే పరిశోధకులు తుఫానుల దారులతో పాటు, హెచ్చరికలు నడిచిన దారులను కూడా గ్రామస్థాయిలో నమోదు చేయవలసి ఉంది. దివిసీమ వృద్ధతరం జ్ఞాపకాలు ఇంకా అందుబాటులో ఉన్న ఈ కాలం అందుకు అనువైనది, అది ఎంతోకాలం ఉండదు.